వాడి పేరుతో నేను విన్న మాట

ఒక ఫోన్ కాల్ నా దగ్గర ఉండిపోయింది. అది నాది కాదు. ఎవరిదో వాళ్ళకి ఇచ్చేయాల్సింది, ఇవ్వలేదు. ఇప్పుడు ఇద్దామన్నా పుచ్చుకునే మనిషి లేడు. పదిహేనేళ్ళకు పైగా దాన్ని మోస్తున్నాను. ఆఫీసు మీటింగులో ఉన్నప్పుడు, వంకాయలు తరుగుతున్నప్పుడు, సిగ్నల్ దగ్గర కారు ఆపినప్పుడు ఆ ఫోన్‌లోని ఆవిడ గొంతు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. "ఆర్ యు స్టిల్ దేర్, సర్?" అని అడుగుతుంది. ఉన్నాను. ఉన్నది నేనే.

మీరెవరో నాకు తెలియదు, అదే మంచిది. తెలిసినవాళ్ళకయితే చెప్పలేను. సగం చెప్పేసరికి వాళ్ళ మొహం చూసి మిగతా సగం మార్చేస్తాను. ఆ విద్య నాకు బాగా వచ్చు.

ముందు నా గొంతు గురించి చెప్పాలి. నాకు అమెరికన్ యాస తొందరగా పట్టుబడింది. టెక్సస్‌లో ఎమ్మెస్ చదివే రోజుల్లో మా ఇంట్లో ఉన్న కుర్రాళ్ళందరికీ ఫోన్ దగ్గర నేనే దిక్కు. కరెంటు వాళ్ళతో పేచీ వచ్చినా, ఇంటర్నెట్ పోయినా, ఇల్లు అద్దెకిచ్చిన ముసలాయనతో వాదించాలన్నా "నువ్వే నేనని చెప్పి మాట్లాడరా" అంటూ ఫోను నా చేతిలో పెట్టేవాళ్ళు. అటువైపు వాళ్ళు పేరు అడుగుతారు, పుట్టినతేదీ అడుగుతారు. చెప్పేవాణ్ణి. అందరి పుట్టినతేదీలూ నాకు కంఠతా వచ్చు. పొద్దున ఒకడిని, మధ్యాహ్నం ఇంకొకడిని. ఇదొక తప్పని అప్పుడు ఎవరికీ తోచలేదు. మీరు ఈ దేశంలో ఉంటే బహుశా మీరూ చేసే ఉంటారు. పేరు ఎవరిదైతేనేం, పని జరిగితే చాలు అనుకునేవాళ్ళం.

ఆ ఇంట్లో నా గది పంచుకున్నవాడు శ్రీధర్. ఖమ్మం వాడు. కోడ్ రాయడంలో మా అందరికంటే మొనగాడు, తెలుగులో మాట్లాడితే ఎదుటివాడికి సందు ఇవ్వడు. ఫోన్‌లో తెల్లవాళ్ళ గొంతు వినబడితే మాత్రం చెమటలు పట్టేవి. "మొహం కనపడకపోతే నాకు ఇంగ్లీష్ రాదు మామా" అనేవాడు. చదువు అయ్యాక ఇద్దరికీ నేనిప్పుడుంటున్న ఈ మోరిస్‌విల్‌లోనే ఉద్యోగాలు దొరికాయి. నాకు పెళ్ళయ్యేదాకా ఇక్కడ కూడా ఒకే అపార్ట్‌మెంట్. నాకు అన్నదమ్ములు లేరు. వాడున్నాడు కదా అని ఆ లోటు ఎప్పుడూ అనిపించలేదు. ఇది రాయడానికి నాకు ఏం అర్హత ఉందో తెలియదు, కానీ అది నిజం.

టెక్సస్‌లోని ఆ ఇల్లు ఊరి చివర, చెట్ల మధ్య ఉండేది. చెక్క గోడల్లో సందులు. ఎండాకాలంలో ఏసీ పని చేసేది కాదు. నేనూ శ్రీధర్ వెనక వరండాలో దుప్పట్లు పరుచుకుని పడుకునేవాళ్ళం. అక్కడి బల్బు చుట్టూ పురుగులు చేరేవి. వాటిలో ఒకటి నల్లిలా ఉండేది, కానీ బొటనవేలి గోరంత. అంచుల మీద ఎర్రటి గీతలు. దానికి మేము 'పెద్ద నల్లి' అని పేరు పెట్టాం. అమెరికాలో నల్లులు కూడా అన్నీ పెద్ద సైజే అని నవ్వుకున్నాం. ఒకరోజు పొద్దున శ్రీధర్ లేచేసరికి కుడికన్ను వాచిపోయి ఉంది. కంటికురుపు అనుకున్నాం. నేనే అరచేతి మీద వేలు రుద్ది, వేడెక్కాక ఆ రెప్పకి అద్దాను, మా అమ్మ నాకు చేసినట్టు. కొన్నాళ్ళకి తగ్గింది. నా వైద్యం వల్లే తగ్గిందని చాలాకాలం గొప్పలు చెప్పుకున్నాను.

ఇక ఆ ఫోన్. మోరిస్‌విల్‌కి వచ్చాక కొన్నేళ్ళకి, ఇక్కడి కుర్రాళ్ళంతా కలిసి మా హీరో పుట్టినరోజుకి రక్తదానం క్యాంపు పెట్టారు. మనవాళ్ళకి అది మామూలే. శ్రీధర్ ఆ హీరో అంటే ప్రాణం పెడతాడు. అందరికంటే ముందు వెళ్ళి పడుకుని, చేతికి సూది ఉండగానే ఫోటో దిగాడు. నాకు ఆరోజు జలుబు, ఇవ్వలేదు. అప్పటికి నాకు కొత్తగా పెళ్ళయి వేరే ఇంటికి మారాను. వాడు కూడా పాత అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి ఇంకోదానికి మారాడు. ఇంకొన్ని వారాల్లో వాడి పెళ్ళి. టికెట్లు కూడా కొనేశాడు.

ఒక ఆదివారం పొద్దున వాడింట్లో బిర్యానీ పని. వాడు చికెన్‌కి మసాలా పట్టిస్తున్నాడు, రెండు చేతులూ మోచేతుల దాకా పసుపు, కారం. నేను హాల్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. వాడి ఫోన్ మోగింది. ఇక్కడి నంబరే, తెలియనిది అని చెప్పాను.

"అమెరికా నంబరైతే నువ్వే మాట్లాడు మామా. నేనే అను" అని వంటింట్లోంచి కేకేశాడు.

ఎత్తాను. ఈజ్ దిస్ శ్రీధర్ అని ఒకావిడ అడిగింది. "యెస్, స్పీకింగ్" అన్నాను. పుట్టినతేదీ, జిప్ కోడ్ చెప్పాను.

రక్తం తీసుకున్న సంస్థ నుంచి మాట్లాడుతున్నానంది. మెల్లగా, ఓపిగ్గా చెప్పింది. ఇచ్చిన రక్తాన్ని పరీక్ష చేస్తే చాగస్ అనే జబ్బు తాలూకు గుర్తులు కనిపించాయట, ఎక్కువగా దక్షిణ అమెరికాలో, మధ్య అమెరికాలో ఉండే జబ్బట. నల్లి జాతి పురుగు ఒకటి నిద్రలో మొహం మీద కుట్టి అక్కడే రెట్ట వేస్తుందట. గోక్కుంటే ఆ రెట్టలోని సూక్ష్మజీవి రక్తంలోకి పోతుందట, కొందరికి మొదట్లో ఒక కన్ను వాస్తుందట. ఏళ్ళ తరబడి ఏమీ తెలియదట. కొంతమందిలో మాత్రం లోపల్లోపలే గుండె కండరాన్ని పాడుచేస్తూ పోతుందట. వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళి మరోసారి పరీక్ష చేయించుకోండి, గుండెకి ఈసీజీ తీయించుకోండి, మందులున్నాయి, ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది అంది. పోస్టులో ఉత్తరం కూడా పంపించామంది. ఆవిడ చదివిన అడ్రసు వాడు ఖాళీ చేసిన పాత ఇంటిది. నేను ఏమీ అనకపోయేసరికి, ఆర్ యు స్టిల్ దేర్, సర్, అని అడిగింది. ఐయామ్ ఫైన్ అన్నాను. థాంక్యూ అని కూడా అన్నాను.

"ఎవర్రా?" అన్నాడు శ్రీధర్.

"రక్తం వాళ్ళు."

"ఏమన్నరు? మెచ్చుకున్నరా?"

"ఇంక ఇవ్వొద్దన్నారు. పోయినేడు ఇండియా వెళ్ళొచ్చావు కదా, మలేరియా రూల్ ఏదో ఉందంట."

వాడు గిన్నెలో చెయ్యి తిప్పుతూ పెద్దగా నవ్వాడు. "అంటే నా రక్తానికి కూడా వీసా రిజెక్ట్ అయిందన్నమాట!"

నేనూ నవ్వాను. ఆ రోజు బిర్యానీ తిన్నాను కూడా. రెండోసారి పెట్టించుకున్నాను.

ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్నకి నా దగ్గర చాలా జవాబులు ఉన్నాయి, ఒక్కొక్క ఏడు ఒక్కొక్కటి వాడాను. పెళ్ళి ముందు వాడి మనసు పాడుచేయడం ఎందుకని. ఇలాంటి పరీక్షలు తప్పని తేలడం కూడా మామూలేనని. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చదివితే చాలామందికి జీవితాంతం ఏమీ కాదని ఉంది, ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకున్నాను. ఇవన్నీ నిజాలే, కాదనను, కానీ ఫోన్ పెట్టేసిన ఆ క్షణంలో, ఎవర్రా అని వాడు అడిగిన ఆ క్షణంలో నా తలలో ఇవేవీ లేవు. ఒకటే ఉంది. వాడి పక్క దుప్పటి నాది.

అదే వరండా, అవే పురుగులు. వాడికి ఉంటే నాకూ ఉండాలి. వాడికి చెప్తే ముందు అడిగే మాట "నువ్వు కూడా టెస్ట్ చేయించుకో మామా" అనే. నాకు అప్పుడు గ్రీన్ కార్డు మెడికల్ దగ్గర పడుతోంది. నా భార్య కొత్తగా వచ్చింది. ఏదైనా జబ్బు బయటపడితే కార్డు రాదని, మూటాముల్లే సర్దుకోవాలని భయం. ఆ మెడికల్‌లో ఈ జబ్బు గురించి అసలు చూడనే చూడరని తర్వాత తెలిసింది. అంటే ఏమీ లేనిదానికి భయపడి వాణ్ణి బలిపెట్టాను. ఉన్నదానికే భయపడి ఉంటే మాత్రం తప్పు తగ్గేదా? తగ్గదు. కానీ లేనిదానికని తెలిసినప్పుడు మనిషికి తనమీద తనకి కలిగే అసహ్యం వేరుగా ఉంటుంది.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఇప్పటిదాకా చెప్పింది భయం. ఇది భయం కూడా కాదు.

కార్డు చేతికొచ్చాక, ఎవరికీ చెప్పకుండా వేరే ఊళ్ళో ఒక చర్చి హాల్లో రక్తం ఇచ్చాను. దానం కోసం కాదు, ఆ పరీక్ష కోసం. నా రక్తంలో అది ఉంటే ఎవరికో పోతుందేమో అనే ఆలోచన కూడా పక్కన పెట్టి ఇచ్చాను. తర్వాత ఫోన్ కోసం కాచుకున్నాను. తెలియని నంబరు మోగితే బయటికి వెళ్ళి ఎత్తేవాణ్ణి. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. ఎవరూ చేయలేదు. నాకు లేదు. అలా తేల్చుకున్న రోజు నా భార్యని మంచి హోటల్‌కి తీసుకెళ్ళాను. ఏమిటి విశేషం అంటే ఊరికే అన్నాను.

ఇక నాకు భయపడాల్సింది ఏమీ లేదు. వాడికి చెప్పొచ్చు. అప్పుడు కూడా చెప్పలేదు. చెప్తే, నీకు ఎప్పుడు తెలిసింది అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికి, నాలాంటి వాణ్ణి పదేళ్ళకు పైగా తన అన్నదమ్ముడని అందరికీ పరిచయం చేసుకుంటూ తిరిగిన మనిషిని, లోపల ఏం జరుగుతోందో తెలియకుండా అలాగే వదిలేశాను.

వాడు హరితని పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. పాప పుట్టింది, సమీర. మా వీధికి రెండు వీధుల అవతలే ఇల్లు కొన్నారు. ఏళ్ళు బాగానే గడిచాయి. నేను మాత్రం వాణ్ణి చూసే చూపు మారిపోయింది. మెట్లెక్కి ఆయాసపడితే లెక్క వేసుకునేవాణ్ణి. క్రికెట్‌లో పరుగు తీసి ఆగి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని "లోపల చేపపిల్ల కొట్టుకున్నట్టుందిరా" అన్నాడొకసారి. గ్యాసేమో అన్నాను. గ్యాసేమో! ఆ మాట అన్నది నేనే. శివరాత్రి ఉపవాసం నాడు గుళ్ళో కళ్ళు తిరిగి పడిపోయాడు. అందరూ తినకపోవడం వల్ల అన్నారు. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఈసీజీలో చిన్న తేడా ఉందన్నారట, కొంతమందికి అలా ఉంటుందిలే అన్నారట. ఇండియన్ మగవాడు వస్తే కొలెస్టరాల్ చూస్తారు, షుగర్ చూస్తారు. పాతికేళ్ళ వయసులో టెక్సస్‌లో ఎక్కడ పడుకునేవాడివి అని ఎవరడుగుతారు? ఆ ప్రశ్నకి జవాబు తెలిసినవాడు వెయిటింగ్ రూములో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. వాణ్ణి కార్లో తీసుకెళ్ళింది నేనే.

మూడేళ్ళ కిందట ఒక పొద్దున వాడు చెత్తడబ్బా రోడ్డు పక్కకి తోసుకెళ్తూ పడిపోయాడు. మా వీధుల్లో ఆ రోజు అందరూ డబ్బాలు బయటపెట్టే రోజు. ఎదురింటావిడ చూసి పరుగెత్తుకొచ్చి ఛాతీ నొక్కిందట. అంబులెన్స్ వచ్చేసరికే అయిపోయింది. నేను వెళ్ళేటప్పటికి డబ్బా డ్రైవ్‌వే మధ్యలో అడ్డంగా పడి ఉంది. దాన్ని లేపి రోడ్డు పక్కన నిలబెట్టాను. అంతకంటే చేయడానికి ఏం లేదు. ఇప్పటికీ వారానికోసారి పొద్దున ఆ చక్రాల చప్పుడు వీధి పొడవునా వస్తుంది. మా డబ్బా మా ఆవిడే తోస్తుంది. నా చేతుల్లో బలం లేదని కాదు.

శవపరీక్ష చేసిన ఆఫీసు నుంచి హరితకి ఫోన్ వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "నావల్ల కాదు అన్నయ్యా, మీరు మాట్లాడండి" అని, ఆఫీసు వాళ్ళకి అనుమతి చెప్పి ఫోన్ నాకిచ్చింది. నా చేతికి ఫోన్ ఇవ్వడం అందరికీ అలవాటే కదా. గుండె పెద్దదయింది అన్నారు. కండరంలో చాలాచోట్ల మచ్చలు కట్టాయి, కొన దగ్గర గోడ పల్చబడి బుడగలా ఉబ్బింది, ఆ మచ్చల వల్ల గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోయి ఉంటుంది అన్నారు. తర్వాత ఒక ప్రశ్న అడిగారు. ఆయన ఎప్పుడైనా దక్షిణ అమెరికాలో గానీ, మధ్య అమెరికాలో గానీ ఉన్నారా?

లేదన్నాను.

అది నిజం. నా జీవితంలో నేను చెప్పిన అతి పెద్ద అబద్ధం కూడా అదే.

కొన్నాళ్ళకి వాడి సెల్ లైన్ తీసేయించాల్సి వచ్చింది. పోయారని చెప్తే ఏవేవో కాయితాలు అడుగుతున్నారు అన్నయ్యా, మీరే ఆయనలా మాట్లాడి క్యాన్సిల్ చేసేయండి అంది హరిత. చేశాను. ఈజ్ దిస్ శ్రీధర్ అన్నాడు అటువైపు అబ్బాయి. "యెస్, స్పీకింగ్." ఎందుకు మానేస్తున్నారు సార్, మా సర్వీసు నచ్చలేదా అని మర్యాదగా అడిగాడు. ఇక నాకు అవసరం లేదు అన్నాను. హరిత ఎదురుగా కూర్చుని వింటోంది. ఆ రోజు నుంచి నా గొంతు నాకే చెవిలో పడితే పరాయి మనిషిదిలా ఉంటుంది.

ఆ ఇంట్లో రెండు నమ్మకాలు నాటుకున్నాయి. రెండూ అబద్ధాలే, రెండూ నేను నాటినవే. ఒకటి హరితది. ముందురోజు సాయంత్రం వాడు ఛాతీలో ఏదోలా ఉందంటే వాము నీళ్ళు కాచి ఇచ్చి పడుకోమందట. అప్పుడే హాస్పిటల్‌కి తీసుకెళ్ళి ఉంటే బతికేవాడని, చంపింది తనేనని ఆమె నమ్మకం. రెండోది సమీర గురించి. ఇలాంటి గుండె వంశంలో రావచ్చని డాక్టర్లు అన్నారు. పిల్లని ఏడాదికోసారి పరీక్షలకి తిప్పుతున్నారు, ఏమీ దొరకదు. అయినా హరిత పిల్లని పరుగెత్తనివ్వదు. ఈత మాన్పించింది, సైకిల్ ఎవరికో ఇచ్చేసింది.

పోయిన నెల సమీర మా ఇంటికి వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల, తెలుగు వచ్చీరానట్టు మాట్లాడుతుంది. స్కూల్లో రన్నింగ్ టీమ్‌కి సెలెక్ట్ అయిందట. గుమ్మంలోనే నిలబడింది, చెప్పులు కూడా విప్పలేదు.

"అంకుల్, మీరు అమ్మకి మాట్లాడు. ప్లీజ్. డాడ్ ఎప్పుడూ చెప్పేది, మీరు ఫోన్‌లో ఎవరినైనా కన్విన్స్ చేస్తారు అని."

తలెత్తి నన్ను చూసింది. వాడి కళ్ళే. కుడికన్ను కొంచెం చిన్నది చేసి చూడటం కూడా వాడిదే.

ఆ పిల్ల వెళ్ళాక హరితకి ఫోన్ చేశాను. ఎదురుగా వెళ్తే మొహం చూసి మాట మారుస్తానని నాకు తెలుసు. ఆమె ఎత్తగానే, పేరు తెరమీద కనబడుతున్నా సరే, నా పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా చెప్పాను. ఏంటి అన్నయ్యా కొత్తగా, అంది. అప్పుడు మొదలుపెట్టాను. వరండా, వాచిన కన్ను, బిర్యానీ, రక్తం వాళ్ళ ఫోన్. ఆవిడ అన్న మాటలు ఒక్కటీ మార్చకుండా వరసగా అప్పజెప్పాను. నేను చర్చి హాల్లో రక్తం ఇచ్చింది చెప్పాను. దక్షిణ అమెరికా ప్రశ్న చెప్పాను. వాము నీళ్ళ వల్ల కాదు, పాపకి ఇది వంశంలో వచ్చేది కాదు, డాక్టర్‌కి ఈ జబ్బు పేరు చెప్పి అడుగు అన్నాను.

ఆమె ఒక్కటే అడిగింది. 

"మా పెళ్ళికి ముందా, తర్వాతా?"

"ముందు."

"పెళ్ళిలో నా పక్కన నిలబడి ఫోటో దిగారు మీరు. వాడు నా ప్రాణం, జాగ్రత్తగా చూసుకోమ్మా అన్నారు."

అన్నాను. నాకు గుర్తుంది.

"సమీరకి నేను చెప్తాను. మీరు చెప్పకండి. మా ఇంటికి రాకండి." అన్నయ్యా అనలేదు. పెట్టేసింది.

మందులు వాడి ఉంటే, గుండెని కనిపెట్టుకుని ఉంటే వాడు ఈపాటికి ఉండేవాడా? ఎవరూ చెప్పలేరు. ఉండకపోవచ్చు కూడా అని నాలో ఒకడు ఇప్పటికీ గొణుగుతాడు, వాడి నోరు మూయించడం నాకు చేతకాదు. కానీ అది తెలుసుకునే హక్కు శ్రీధర్‌ది. నేను వాడి పేరు వాడుకుని, వాడి గుండె గురించిన మాట వాడికంటే ముందు విని, వాడికి అందకుండా దాచుకున్నాను. క్షమించమని అడగడానికి వాడు లేడు, అడిగితే హరిత క్షమించదు, క్షమించకూడదు కూడా. మీరు కూడా ఏమీ అనకండి. చెప్పాలనిపించి చెప్పాను. చెప్పాక ఛాతీ మీద బరువు ఒక్క వేలెడంత జరిగింది, అంతే.

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ స్కూలు గ్రౌండ్ పక్కన సిగ్నల్ దగ్గర ఆగాను. పిల్లలు పరుగెడుతున్నారు. వాళ్ళలో సమీర ఉందో లేదో చూడలేదు. చూసే హక్కు లేదనిపించింది. అప్పుడే ఆవిడ గొంతు మళ్ళీ వచ్చింది, ఎప్పటిలాగే మొదటి నుంచి. ఈజ్ దిస్ శ్రీధర్, అని.

కాదండీ, అన్నాను కార్లోనే, పైకే. వాడు వంటింట్లో ఉన్నాడు. చేతులు కడుక్కుని వస్తాడు. ఒక్క నిమిషం ఆగండి, పిలుస్తాను.